డ్రైవరన్నకీ ముప్పై, నాకూ ముప్పైయేనా?

మాది హుకుంపేట. ఈ ముక్క హైదరాబాదులో చెబితే నూటికి తొంభైమంది "అదెక్కడా?" అంటారు. "పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలో వస్తుంది" అంటే మాత్రం మొహాలు వెలిగిపోతాయి. "నీకేం గురూ, టూరిస్టు స్పాట్‌లో పెరిగావు" అంటారు. మా నాన్న అక్కడ మేష్టారు. నా బడి చదువంతా అక్కడే. ఇంజినీరింగుకని కొండ దిగాను, ఆ తరవాత అందరిలాగే.. హైదరాబాదు, మెళ్ళో ఐడీ కార్డు, సోమవారం పొద్దున్నే స్టేటస్ కాలు.

ఇవాళ అరకు అందాల గురించి చెప్పబోవట్లేదు లెండి. 30 అనే ఒక అంకె గురించి చెప్తాను. ఆ అంకె మీద నాకు కోపం ఉంది. ఆ కోపంలో కొంత నా మీద నాకున్నది కూడా. అందుకే ముందు నా తప్పు చెప్పి, తరవాత చట్టం తప్పు చెప్తాను.

పోయిన చలికాలం మా టీం పదకొండుమందిమి అరకు వెళ్ళాం. "మీ ఊరు పక్కనే కదా, నువ్వే ప్లాన్ చెయ్యి" అన్నారు, చేశాను. విశాఖలో ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడాను. అరకులో దిగాం. మర్నాడు వంజంగి కొండెక్కి మేఘాలు చూడాలి. తెల్లారేసరికి పైన ఉండాలంటే మూడున్నరకే బండి కదలాలి. రాత్రి చలిమంట, బొంగు చికెన్, మందు.. మీకు చెప్పక్కర్లేదు. అందరికీ గదులు తీసుకున్నాం, డ్రైవరుకి తప్ప. "డ్రైవర్లు బండిలోనే పడుకుంటారు సార్" అన్నారు రిసార్టు వాళ్ళు. మేమూ ఊఁ అనేసి ఊరుకున్నాం. డిసెంబరులో అరకు చలి ఎలా ఉంటుందో ఆ పదకొండుమందిలో బాగా తెలిసినవాణ్ణి నేనే.

పది గంటలకి నేనే వెళ్ళి పిలిచాను. "రా అన్నా, మంట దగ్గర కూర్చో." వచ్చాడు. "వద్దు సార్, పొద్దున్నే బండి తియ్యాలి" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. "పర్లేదన్నా, బోలెడు టైముంది, చలికి కాస్త వేసుకో" అని క్వార్టర్ సీసా చేతిలో పెట్టింది కూడా నేనే. నేనేదో పెద్ద మానవతావాదినైనట్టు, డ్రైవర్ని కూడా మాతో సమానంగా చూసేస్తున్నట్టు ఫీలయ్యాను. గది ఇవ్వని వాళ్ళం మందు ఇచ్చామన్న సంగతి అప్పుడు తట్టలేదు. పన్నెండింటికి అతను బండిలోకి వెళ్ళి పడుకున్నాడు.

నాలుగున్నరకి మా ఊరికి కిలోమీటరు ఇవతల ఉన్నాం. ఆవేళ హుకుంపేట సంత. దూరం ఊళ్ళ వాళ్ళు సంతకి చీకట్లోనే బయల్దేరతారు, నడిచే వస్తారు. మంచు ఎంత ఉందంటే లైట్ల వెలుగు బండి ముందు గోడలా నిలబడింది. మలుపు తిరగ్గానే రోడ్డు వారన కావిడి మోసుకుంటూ ఒక ముసలాయన. డ్రైవరు బ్రేకు వేశాడు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా వేశాడు. బండి జారి ఆయన్ని తోసేసి పక్క పొలంలోకి దిగి ఆగింది. మాకెవరికీ గీత కూడా పడలేదు. ఆయన ఎడమకాలు మోకాలి కింద విరిగిపోయింది.

నేను దిగి పరిగెత్తాను. ఫోను వెలుగులో నా మొహం చూసి "మేస్టారి బాబువి కాదేటి నువ్వు?" అన్నాడు. ఔను తాతా అన్నాను. "పసుపు తడిసిపోద్ది బాబూ, ఎత్తించు" అన్నాడు. కావిడిలో ఉన్నది పసుపు. మంచుకి తడిసిన గడ్డిలో పడిపోయింది. కాలు గురించి ఆయన అప్పటికింకా అడగలేదు.

పోలీసులు వచ్చారు. వాళ్ళ పని వాళ్ళు సక్రమంగానే చేశారు, వాళ్ళని ఒక్క మాట అనను. డ్రైవరు చేత యంత్రంలో ఊదించారు. అప్పటికి టైము ఐదూ ఇరవై. రీడింగు 27. "ముప్పై లోపే ఉంది, తాగి నడిపినట్టు రాయడానికి లేదు" అన్నారు. నిజమే, చట్టం అంతే. నిర్లక్ష్యంగా నడిపాడని కేసు రాశారు. తాగుడు సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు మన వృత్తికి తగ్గట్టు కాస్త లెక్క చూద్దాం. రక్తంలో ఆల్కహాలు లెక్కకట్టడానికి విడ్మార్క్ సూత్రం అని ఒకటుంది, సుమారు లెక్కకి అది చాలు. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం, అంటే 77 మి.లీ. బరువులోకి మారిస్తే దాదాపు 61 గ్రాములు. తాగినవాడు 65 కిలోల మగాడనుకోండి, 65ని 0.68తో గుణిస్తే 44. మొత్తం ఒక్కసారే ఒంటికి ఎక్కి ఉంటే 100 మి.లీ. రక్తానికి సుమారు 137 మిల్లీగ్రాములు. ఒళ్ళు గంటకి సుమారు 15 చొప్పున కరిగిస్తుంది. పదింటికి మొదలెట్టాడు కాబట్టి పన్నెండింటికి 107. నాలుగున్నరకి 40. ఐదూ ఇరవైకి 27.

చూశారా? ఆ ముసలాయన్ని గుద్దిన క్షణానికి ఈ లెక్క ప్రకారం డ్రైవరు ఒంట్లో 40 ఉంది, చట్టం గీసిన గీత దాటే ఉంది. యంత్రం వచ్చి ఊదించేసరికి గీత కిందకి దిగిపోయింది. అది ఏజెన్సీ.. యాభై నిమిషాల్లో పోలీసులు రావడమే గొప్ప. మనిషి మనిషికీ తేడాలుంటాయి, నా లెక్క ఐదో పదో అటూ ఇటూ కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న 40 గురించి కాదు. ఆ 27 గురించే. పదకొండుమందిని ఎక్కించుకుని, మంచులో, కొండ దారిలో, చీకట్లో నడిపేవాడి ఒంట్లో 27 ఉంటే అతను "తాగలేదు" అని చట్టం ఎలా అంటుంది?

అంటుంది, ఎందుకంటే మన చట్టంలో ఉన్నది ఒకే ఒక్క అంకె. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షను 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. స్కూటీ మీద పాలప్యాకెట్టుకి వెళ్ళేవాడికీ ముప్పై. నలభైమంది పిల్లల్ని తీసుకెళ్ళే స్కూలు బస్సు డ్రైవరుకీ ముప్పై. పెట్రోలు ట్యాంకరుకీ ముప్పై. నిన్న లైసెన్సు వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికీ ముప్పై. సర్వీసు జీపులో లోపల పదిమందినీ వెనక వేలాడే నలుగురినీ ఎక్కించుకుని కొండల్లో తిరిగేవాడికీ అదే ముప్పై.

దీని చరిత్ర కూడా కొంచెం విచిత్రమే. 1939 నాటి పాత చట్టంలో అంకె అంటూ లేదు. బండి మీద అదుపు తప్పేంతగా తాగి ఉంటేనే నేరం, అది కూడా రుజువు చెయ్యాలి. 1988లో కొత్త చట్టం వచ్చినప్పుడు ఇంకో చివరకి వెళ్ళారు. రక్తంలో ఆల్కహాలు ఎంత కొంచెమున్నా సరే, నేరమే అన్నారు. అంటే కాగితం మీద అందరికీ సున్నా. 1994 సవరణలో దాన్ని 30 చేశారు. 2019 సవరణలో జరిమానాలు పెంచారు. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేలు, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా పదిహేనువేలు, లేదా రెండూ. శిక్ష పెంచడం గుర్తొచ్చింది గానీ, ఎవరికెంత గీత అన్న ప్రశ్న మాత్రం ఆ సవరణలోనూ రాలేదు. ఎంత కొంచెమున్నా తప్పే అన్నప్పుడూ అందరికీ ఒకటే, ముప్పై అన్నప్పుడూ అందరికీ ఒకటే.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వరు మీద రూట్ యాక్సెస్ ఉన్నవాడికీ, రిసెప్షన్‌లో గెస్ట్ వైఫై వాడుకునేవాడికీ ఒకటే సెక్యూరిటీ పాలసీ పెట్టడం లాంటిది ఇది. అలాంటి పాలసీ రాసిన వాణ్ణి ఏ కంపెనీ అయినా ఆడిట్ రోజునే ఇంటికి పంపిస్తుంది. మనం మాత్రం 1994 నుంచీ అదే వెర్షన్‌తో బండి నడిపించేస్తున్నాం.

మిగతా ప్రపంచం ఏం చేస్తోందో చూడండి. యూరోపియన్ కమిషను 2001 లోనే సభ్యదేశాలకి సిఫార్సు చేసింది. మామూలు డ్రైవర్లకి మన లెక్కలో 50కి మించకూడదు, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళకీ, పెద్ద బండ్ల వాళ్ళకీ, ప్రమాదకరమైన సరుకు మోసేవాళ్ళకీ, మోటారు సైకిళ్ళకీ 20. ఐర్లండు 2011లో దాదాపు అదే పెట్టింది, మామూలు వాళ్ళకి 50, కొత్తవాళ్ళకీ వృత్తి డ్రైవర్లకీ 20. జర్మనీలో మామూలుగా 50, కానీ 2007 నుంచి కొత్త లైసెన్సు వాళ్ళకీ 21 ఏళ్ళ లోపు వాళ్ళకీ సున్నా. ఫ్రాన్సులో బస్సు డ్రైవర్లకి 20, 2015 నుంచి కొత్తవాళ్ళకి కూడా అంతే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో మామూలుగా 50, బస్సులకీ టాక్సీలకీ పెద్ద లారీలకీ 20, నేర్చుకుంటున్నవాళ్ళకి సున్నా.

ఇక అమెరికా. "మన ముప్పైయే చాలా తక్కువ బాసూ, అమెరికాలో 80 తెలుసా?" అనేవాళ్ళు ప్రతి ఆఫీసు కాఫీ మెషీను దగ్గరా ఒకరుంటారు. తెలుసు. యూటా రాష్ట్రంలో 2018 డిసెంబరు నుంచి 50 అని కూడా తెలుసు. మీరు సగమే చెప్తున్నారు, మిగతా సగం నేను చెప్తాను. అదే అమెరికాలో కమర్షియల్ లైసెన్సుతో పెద్ద బండి నడిపేవాడికి 40, అంటే సరిగ్గా సగం. డ్యూటీకి ముందు నాలుగ్గంటల్లో అసలు ముట్టకూడదు. 21 ఏళ్ళ లోపు వాళ్ళకి ఏ రాష్ట్రంలోనైనా 20 లేదా అంతకన్నా తక్కువ. అక్కడున్న మన బావలూ తమ్ముళ్ళూ రెండు బీర్లు తాగితే బుద్ధిగా క్యాబ్ ఎక్కుతారు. ఒక్కసారి అలా దొరికితే చాలు, వీసా కూడా రద్దయ్యే అవకాశముందని వాళ్ళకి తెలుసు. అదే బావ సంక్రాంతికి ఊరొచ్చి "మన రోడ్లే కదా" అని స్టీరింగు పట్టుకుంటాడు. మరి తేడా ఎక్కడుందంటారు?

మనదేశంలో ఈ తేడా చూసే బుద్ధి లేదా అంటే, ఉంది. ఆకాశంలో ఉంది, పట్టాల మీద ఉంది. విమానం పైలట్లకి సున్నా, ఎక్కే ముందు ఊదాల్సిందే. రైలు నడిపే లోకో పైలట్లూ డ్యూటీ ఎక్కేముందు ఊదుతారు. ఆర్టీసీ డిపోల్లో కూడా డ్రైవర్ల చేత ఊదిస్తారు. అంటే పదిమంది ప్రాణాలు చేతిలో ఉన్నవాడికి వేరే కొలత ఉండాలని మనకీ తెలుసు. మరి సెక్షను 185కి ఎందుకు తెలియదు? ప్రైవేటు ట్రావెల్సూ టెంపో ట్రావెలర్లూ సర్వీసు జీపులూ క్యాబులూ స్కూలు ఆటోలూ.. వీటిల్లో ఎక్కేవాళ్ళ ప్రాణం విలువ తక్కువా?

కొండ దారి సంగతి తెలియని వాళ్ళ కోసం ఇంకో చిన్న లెక్క. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే బండి ఐదున్నర మీటర్లు అదనంగా వెళ్తుంది. ఘాట్‌లో చాలాచోట్ల రోడ్డు వెడల్పే దాదాపు అంత. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాదు పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. అక్కడ తాగుడు కారణమని నేననట్లేదు. ఘాట్‌లో పొరపాటుకి రెండో ఛాన్సు ఉండదని మాత్రమే చెప్తున్నాను. అలాంటి చోట 27 అంటే మామూలే అనుకోవడం నాకు మింగుడుపడట్లేదు.

ఇప్పుడు నాకు రాబోయే తిట్లు నాకు తెలుసు. వరసగా చూద్దాం.

ఒకటి. "పాపం పేద డ్రైవరు, వాడి పొట్ట కొడతావా? కార్లో తాగి తిరిగే నీకు ముప్పై, వాడికి సున్నానా?" ఇది నిజంగా గట్టి మాట, దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. మా సంఘటనలోనే చూడండి. ఆ డ్రైవరు ఉద్యోగం పోయింది, ఓనరు తీసేశాడు. సీసా చేతిలో పెట్టిన నాకు ఏమీ కాలేదు. సోమవారం ఆఫీసుకి వెళ్ళి మీటింగులో కూర్చున్నాను. కాబట్టి గీత మారిస్తే బరువంతా డ్రైవరు మీదే వేసి చేతులు దులుపుకునేలా ఉండకూడదు. కిరాయి బండి డ్రైవరు గీత దాటితే బండి ఓనరుకీ జరిమానా ఉండాలి. రాత్రి డ్రైవరు ఎక్కడ పడుకున్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు అన్నది ఓనరు చూసుకోవాల్సిన పనవ్వాలి. కానీ పేదవాడన్న కారణానికి గీత వదిలేద్దామంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఆ కావిడి మోసే తాత డ్రైవరు కన్నా పేదవాడు. ఆయన ఆ బండి ఎక్కను కూడా లేదు. మేం డ్రైవర్ని ఎంచుకున్నాం, తాగించాం, ఎక్కాం. ఆయన దేన్నీ ఎంచుకోలేదు. అవకాశం లేనివాడి పక్షాన నిలబడటానికే కదండీ చట్టం!

రెండు. "ఇంత గొడవెందుకు, అందరికీ సున్నా పెట్టేస్తే పోలా?" పోయింది ఒకసారి. 1988 నుంచి 1994 దాకా కాగితం మీద ఉన్నది అదే. ఈ మాట అనేవాళ్ళు కర్నూలు సంగతి ఎత్తుతారు, ఎత్తాలి కూడా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మనలాంటి సాఫ్టువేరు వాళ్ళు కూడా ఉన్నారు అందులో. ముందు ఒక బైకు డివైడరుకి గుద్దుకుని పడిపోయింది, నడిపినతను అక్కడే చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు బస్సు కింద ఇరుక్కుని మంటలు లేచాయి. బైకు నడిపినతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. "బైకు మీద తాగి పోతే వాడే పోతాడు" అనే మాట ఆ రోజుతో చచ్చిపోవాలి. అందుకే బైకుని వదిలేయమని నేననట్లేదు. కానీ అక్కడ కావాల్సింది కొత్త అంకె కాదు, ఉన్న ముప్పైనే రాత్రి పూట హైవే మీద నిజంగా అమలు చెయ్యడం. కిరాయి బండి విషయంలో అలా కాదు. ముప్పైని నూటికి నూరు శాతం అమలు చేసినా ఆ 27 డ్రైవరు చట్టం దృష్టిలో మంచివాడే. అమలు లోపం వేరు, గీతే తప్పుగా గీయడం వేరు. బగ్ ఎక్కడుందో చూసుకోకుండా సర్వరు రీస్టార్టు చేస్తే లాభం లేదు.

మూడు. "సున్నా అంటే పనసపండు తిన్నా దొరికిపోతారు." నవ్వకండి, నిజంగా జరిగింది. 2025 జూలైలో కేరళలో పందళం ఆర్టీసీ డిపోలో డ్రైవర్లు ఊదితే యంత్రం తాగారని చూపించింది. తీరా చూస్తే వాళ్ళు తిన్నది బాగా మగ్గిన పనసపండు. మా కొండల్లో పనసచెట్టు లేని ఊరే ఉండదు కాబట్టి ఈ భయం నాకూ అర్థమవుతుంది. దగ్గు మందులూ, హోమియో మందులూ ఉండనే ఉన్నాయి. అందుకే నేను అడిగేది 0 కాదు, 20. యూరప్ వాళ్ళు ఊరికే 20 పెట్టలేదు. యంత్రం పొరపాట్లకీ పనసతొనలకీ అంత చోటు చాలు. అప్పటికీ అనుమానముంటే నోరు పుక్కిలించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ ఊదించాలి. నోట్లో మిగిలినదైతే పోతుంది, రక్తంలో ఉన్నదైతే పోదు. అదీ కాదంటే రక్త పరీక్షకి చట్టంలోనే దారి ఉంది, సెక్షను 204.

నాలుగు. "ఏజెన్సీలో జీలుగు కల్లు తాగడం వాళ్ళ ఆచారం, నువ్వెవడివి చెప్పడానికి?" తాగడం గురించి నేనొక్క మాట కూడా అనలేదు. చలికాలంలో జీలుగు కల్లు నేనూ తాగాను, మళ్ళీ తాగుతాను. పండక్కి తాగేవాణ్ణి ఆపే హక్కు నాకు లేదు. కానీ "కల్లు మందు కాదు" అన్న నమ్మకం మాత్రం తప్పు. పొద్దున దింపిన కల్లు సాయంత్రానికి బాగా పులుస్తుంది. నాలుగు శాతం ఆల్కహాలు ఉందనుకుందాం. లీటరు తాగితే 32 గ్రాములు, 60 కిలోల మనిషికి 75 దాటుతుంది. ఆకు దొప్పలో తాగినా గాజు గ్లాసులో తాగినా లివరుకి తేడా తెలియదు. అయినా చిన్నప్పుడు నేను ఎక్కిన సర్వీసు జీపుల్లో సంత రోజు సాయంత్రం డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉంటే మా అమ్మ ఎక్కనిచ్చేది కాదు, తరవాత బండికి వెళ్దామనేది. తరవాత బండి ఉండేది కాదు ఒక్కోసారి. మేష్టారి కుటుంబం కాబట్టి ఎవరింట్లోనో పడుకునేవాళ్ళం. ఆ రాత్రికి ఊరు చేరకపోతే మర్నాడు కూలి పోయేవాళ్ళు ఎక్కేసేవారు. ఆచారం అని మనం మర్యాదగా పేరు పెడుతున్నదాని కింద వాళ్ళ నిస్సహాయత ఉంది.

ఐదు. "లెక్కల్లో చూస్తే తాగుడు వల్ల చనిపోయేది మూడు శాతం లోపే కదా?" ఔను, ప్రభుత్వ లెక్క అదే. 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే తాగుడు ఖాతాలో పడినవి ఆ మాత్రమే. మిగతావాటిల్లో ఎక్కువ భాగం అతివేగం. మా బండి సంగతి ఏ ఖాతాలో పడిందో ఇందాకే చెప్పాను. లాగ్ రాయని ప్రోగ్రాము చూసి ఎర్రర్లు లేవని సంబరపడే వాళ్ళని మనం ఏమంటాం?

సరే, విమర్శించడం తేలికే, నీకేం కావాలో చెప్పు అంటారా? చెప్తాను. నాలుగే.

మనుషుల్ని కిరాయికి ఎక్కించుకునే ప్రతి బండికీ, ఆటో నుంచి బస్సు దాకా, స్కూలు బండ్లతో సహా, 30 బదులు 20.

పెద్ద లారీలకీ, పెట్రోలూ గ్యాసూ మోసే ట్యాంకర్లకీ అదే 20.

లైసెన్సు వచ్చిన మొదటి రెండేళ్ళు ఎవరికైనా అదే 20. మన క్యాంపస్ రిక్రూట్లు జాయినింగు బోనస్‌తో బైకు కొనేది ఆ రెండేళ్ళలోనే.

కిరాయి బండి డ్రైవరు దొరికితే ఓనరు మీదా కేసు. ఘాట్ రోడ్డు ఎక్కే చెక్‌పోస్టుల దగ్గర ఊదే యంత్రం. రాత్రి మాత్రమే కాదు, తెల్లవారుజామున కూడా. మన పోలీసు తనిఖీలు చాలావరకు బార్లు మూసే వేళకే. కానీ రాత్రి తాగినవాడు ఒంట్లో మందుతో కొండెక్కేది పొద్దున నాలుగింటికి.

మామూలు కారు నడిపే నాకూ మీకూ ఆ ముప్పై అలాగే ఉంచండి. అది తక్కువని ఏడవకండి, ఎక్కువని ఉపన్యాసాలూ ఇవ్వకండి. మన సంగతి తరవాత చూసుకుందాం. ముందు డబ్బు తీసుకుని నలుగురి ప్రాణాలు చేతిలో పట్టుకున్నవాడి దగ్గర మొదలెడదాం.

ఈ నాలుగూ రేపే రావని తెలుసు. చట్టం మారడానికి పార్లమెంటు కావాలి. కానీ మన చేతిలో ఉన్నది ఒకటుంది, దానికి ఏ సవరణా అక్కర్లేదు. వారాంతం రాగానే అరకూ లంబసింగీ వంజంగీ అంటూ కొండెక్కేది ఎక్కువగా మనమే. బండి మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా, పుష్‌బ్యాక్ సీట్లున్నాయా, బ్లూటూత్ పనిచేస్తుందా అని అడుగుతాం. డ్రైవరు పడుకోవడానికి గది ఉందా అని ఎప్పుడైనా అడిగామా? పదకొండుమందికి ఇంకో గది ఖర్చు పంచుకుంటే తలకి రెండొందలు కూడా పడదు. మేం ఆ రాత్రి తాగిన దాంట్లో అది పదో వంతు. నేను డ్రైవర్ని మంట దగ్గరకి పిలిచింది ప్రేమతో కాదని ఇప్పుడు నాకు అర్థమైంది. అతను చలిలో బండిలో ముడుచుకుని ఉంటే నాకు ఇబ్బందిగా ఉంది. ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికి చవకైన దారి వెతుక్కున్నాను. అతను రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి వద్దంటే రేపు టిప్పు ఇవ్వరేమో, రివ్యూ బాగా రాయరేమో అనుకుని ఉంటాడు. కస్టమరు మాట కాదనలేకపోవడం ఎలా ఉంటుందో మనకి తెలియనిదా!

పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆ తాతని చూడ్డానికి వెళ్ళాను. కాల్లో రాడ్డు వేశారు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కావిడి మాత్రం ఇక మొయ్యలేడు. సంతకి కొడుకు వెళ్తున్నాడట. బీమా క్లెయిము నడుస్తోంది. నిజం చెప్పేద్దామని వెళ్ళాను. "ఆ రోజు డ్రైవరుకి మందు పోసింది నేనే తాతా" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత "మరి కాయితంలో తాగనేదని రాసినారట గదా బాబూ?" అన్నాడు.

రాశారు తాతా. 27 అని ఉంది, ముప్పై లోపే.

ఈ వాక్యం ఆయనకి ఎలా వివరించాలో నాకు తెలియలేదు. మీలో ఆ ముప్పై సరైనదే అనేవాళ్ళెవరైనా ఉంటే హుకుంపేట రండి, నేనే తీసుకెళ్తాను. ఆయనకి మీరే చెబుదురుగాని. రాత్రి మాత్రం మీ డ్రైవరుకి ఒక గది తీసుకోండి.